45 పౌండ్ల రికర్వ్‌కి ఏ బ్రాడ్‌హెడ్ మంచిది?

రవి_ఆస్టిన్

అందరికీ నమస్కారం. ఇంతకాలం ఫోమ్ టార్గెట్ల మీదే వేశాను. ఈ అక్టోబర్‌లో మొదటిసారి వైట్‌టెయిల్ జింక కోసం అడవికి వెళ్దామనుకుంటున్నాను. తెలిసినవాళ్ల ర్యాంచ్ ఒకటి టెక్సస్ హిల్ కంట్రీలో ఉంది, పర్మిషన్ దొరికింది. లైసెన్స్, హంటర్ ఎడ్యుకేషన్ అయిపోయాయి.

విల్లు: టేక్‌డౌన్ రికర్వ్ (కొసలు ముందుకి వంగి ఉండే, విడదీయగల విల్లు), లింబ్స్ మీద 45 పౌండ్లు (నారి లాగడానికి పట్టే బలం) అని ఉంది. బాణాలు: కార్బన్, 500 స్పైన్ (కాడ ఎంత వంగుతుందో చెప్పే అంకె, తగ్గేకొద్దీ బిరుసు), 29 అంగుళాలు, మూడు ఈకలు. ఇప్పుడు 150 గ్రెయిన్ల (బాణాల బరువుకి వాడే చిన్న కొలత) ఫీల్డ్ పాయింట్లు, అంటే బ్లేడ్లు లేని ప్రాక్టీసు మొనలు, వాడుతున్నాను.

బ్రాడ్‌హెడ్ల (వేటకి వాడే, బ్లేడ్లున్న బాణం ములుకులు) దగ్గరికి వచ్చేసరికి బుర్ర తిరిగిపోయింది. రెండు బ్లేడ్లు, మూడు బ్లేడ్లు, సింగిల్ బెవెల్, డబుల్ బెవెల్, జిగురుతో అంటించేవి, మర తిప్పి బిగించేవి. షాపులో కుర్రాడు మెకానికల్ తీసుకోమన్నాడు. యూట్యూబ్ చూస్తే ఒక్కొక్కడూ ఒక్కో మతం. 20 గజాల లోపే వేస్తాను. అడవి పందులు కూడా వస్తాయట అక్కడికి. ఏం తీసుకోమంటారు?

మిషిగన్_బాబాయ్

ముందు మెకానికల్ సంగతి తేల్చేద్దాం. వద్దు.

ఎందుకంటే లెక్క చూడు. 70 పౌండ్ల కాంపౌండ్ విల్లు (కప్పీలు ఉండేది) 400 గ్రెయిన్ల బాణాన్ని సెకనుకు 280 అడుగుల వేగంతో వదిలితే దాని శక్తి దాదాపు 70 ఫుట్-పౌండ్లు. నీ రికర్వ్ 500 గ్రెయిన్ల బాణాన్ని 160 దగ్గర వదులుతుంది. అంటే 28, 29 ఫుట్-పౌండ్లు. సగం కూడా లేదు. మెకానికల్ హెడ్ జంతువుకి తగిలాక రెక్కలు విచ్చుకోవాలి, ఆ విచ్చుకోవడానికి అయ్యే ఖర్చు కూడా నీ బాణమే పెట్టుకోవాలి. కాంపౌండ్ వాడికి ఆ ఖర్చు లెక్కలోకి రాదు. నీకు వస్తుంది. ఆ కుర్రాడు రోజంతా కాంపౌండ్ వాళ్లకి అమ్ముతుంటాడు, అలవాటుగా చెప్పి ఉంటాడు.

ఫిక్స్‌డ్ బ్లేడ్, రెండంచులది తీసుకో. పొడవు ఎక్కువ, వెడల్పు తక్కువ. పాతకాలం పేరున్న విలుకాడు హోవార్డ్ హిల్ పొడవు వెడల్పుకి మూడింతలు ఉండాలనేవాడు. అంగుళమూ ఎనిమిదోవంతు వెడల్పుంటే మూడుంబావు పైచిలుకు పొడవన్నమాట. అన్నీ కచ్చితంగా అలా దొరకవు కానీ ఆ వాలు ఎంత సన్నగా ఉంటే అంత సులువుగా దిగుతుంది. నేను జ్వికీ కంపెనీ హెడ్లు వాడతాను, సెడార్ కాడలకి అంటించి. పాత బేర్ కంపెనీ రేజర్‌హెడ్లు కూడా ఒక డబ్బా నిండా ఉన్నాయి, 1956లో వచ్చిన మోడల్, ఇప్పటికీ పనికొస్తాయి. మా గ్రేలింగ్ వైపు గరాజ్ సేల్స్‌లో అప్పుడప్పుడూ కనపడతాయి, ఆ కంపెనీ పెట్టిన ఫ్రెడ్ బేర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు అక్కడే ఉండేది.

డెన్వర్_కిట్టు

బాబాయ్ చెప్పిన రెండు బ్లేడ్లకి నా ఓటు కూడా. కానీ సింగిల్ బెవెల్ తీసుకో రవీ.

ఉలిలాగా ఒక్క వైపే వాలు చెక్కి ఉంటుంది. బాణం దిగేటప్పుడు ఆ వాలు వల్ల తల తిరుగుతూ పోతుంది. ఎముక అడ్డొస్తే మామూలు హెడ్ దూరడానికి దారి చేసుకుంటుంది, ఇది మెలితిప్పి ఎముకని చీలుస్తుంది. డాక్టర్ ఎడ్ ఆష్బీ 1980ల్లో దక్షిణాఫ్రికాలో నటాల్ దగ్గర మొదలుపెట్టి ఏళ్ల తరబడి నిజం జంతువుల మీద బాణాలు ఎంత దిగుతున్నాయో కొలిచి రాశాడు. బాణం ఎక్కడా విరగకుండా వంగకుండా ఉండాలి, బరువు ముందు వైపు ఉండాలి, అంచు సింగిల్ బెవెల్ అయితే మేలు అని ఆయన తేల్చిన మాటలు. గట్టి ఎముక దాటాలంటే మొత్తం బాణం 650 గ్రెయిన్లు ఉండాలంటాడు.

నీ అల్యూమినియం ఇన్సర్ట్ (కాడ కొసలో ఉండే, హెడ్ బిగించే ముక్క) తీసేసి 100 గ్రెయిన్ల ఇత్తడి ఇన్సర్ట్ వెయ్యి. కాడ 232 అనుకుందాం, నాక్ (నారికి తగిలించే వెనక ముక్క), ఈకలు కలిపి 25, ఇన్సర్ట్ 100, హెడ్ 150. మొత్తం 507. బాణాన్ని వేలి మీద నిలబెట్టి బ్యాలెన్స్ ఎక్కడుందో చూడు. నాక్ గాడి నుంచి 21.2 అంగుళాల దగ్గర నిలిచిందనుకో, అందులోంచి పొడవులో సగం, అంటే 14.5 తీసెయ్, 29తో భాగించు. 23 శాతం. ముందు బరువు అంత ఉంటే బాణం తోక ఊపకుండా తిన్నగా దిగుతుంది.

ఇంకో మాట, కుడి బెవెల్ కొంటే ఈకలు కుడి రెక్కవి ఉండాలి. ఎడమకి ఎడమ. గాలిలో ఒక వైపు తిరిగి, లోపలికి వెళ్లాక ఇంకో వైపు తిరగమంటే తిరగడం మధ్యలో ఆగిపోతుంది. ఇది చాలామంది చూసుకోరు.

మిషిగన్_బాబాయ్

కిట్టూ, నువ్వు ఎల్క్ (జింక జాతిలో పెద్ద జంతువు) వేటగాడివి, నీ గోల వేరు. రవి వేసేది టెక్సస్ జింక. మా వైపు జింకల్లో సగం ఉంటాయి అవి. 650 గ్రెయిన్లు ఆ విల్లు మీద పెడితే 20 గజాలకి బాణం ఇంద్రధనస్సు గీస్తుంది. దూరం రెండు గజాలు తప్పుగా అంచనా వేస్తే పొట్ట కిందినుంచి పోతుంది. ఊపిరితిత్తుల మీద ఉండేవి పక్కటెముకలు, దాటడానికి గేదె ఎముకల లెక్కలు అక్కర్లేదు.

డెన్వర్_కిట్టు

650 పెట్టమనలేదు కదా బాబాయ్, 507 అన్నాను. 650 ఎక్కడినుంచి వచ్చిందో చెప్పానంతే. జింకకి పక్కటెముకలే అన్నది నిజమే, మనం అనుకున్న చోట తగిలితే. అది ఒక అడుగు ముందుకేస్తే జబ్బ ఎముకే.

శారద_పీఏ

నాది 38 పౌండ్ల లాంగ్‌బో, కాబట్టి ఈ గొడవ నాకు రోజూ ఉండేదే. పెన్సిల్వేనియాలో కనీసం 35 పౌండ్లు ఉండాలి, బ్రాడ్‌హెడ్ వెడల్పు కనీసం 7/8 అంగుళం. కొలరాడోలోనూ 35, 7/8. టెక్సస్‌లో కూడా వెడల్పు 7/8, కనీసం రెండు కోసే అంచులు ఉండాలని చదివాను. రవి గారూ, ఈ ఏడాది ఔట్‌డోర్ యాన్యువల్ (టెక్సస్ వేట రూల్స్ పుస్తకం) ఒకసారి తెరిచి చూసుకోండి, రూల్స్ మారుతుంటాయి. కొన్ని రాష్ట్రాల్లో వెనక అంచు కొక్కెంలా ముందుకి వంగి ఉంటే అసలు ఒప్పుకోరు, పాత హెడ్లు కొనేటప్పుడు అది గుర్తుపెట్టుకోవాలి.

మూడు బ్లేడ్ల వైపు ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను మాట్లాడతాను. అంగుళమూ ఎనిమిదోవంతు వెడల్పున్న రెండంచుల హెడ్ చేసే కోత మొత్తం పొడవు అంతే, 1.125. అదే వెడల్పులో మూడు బ్లేడ్లయితే ఒక్కో బ్లేడ్ సగం చొప్పున మూడు, దాదాపు 1.69 అంగుళాలు. రెండంచుల గాయం ఒక చీలిక. చర్మం, కొవ్వు కదిలినప్పుడు అది మూసుకుపోవచ్చు. మూడంచులది తెరుచుకునే ఉంటుంది, నెత్తురు జాడ నేల మీద బాగా కనిపిస్తుంది. ఎండిపోయిన ఓక్ ఆకుల్లో చీకటిపడేటప్పుడు జాడ వెతికినవాళ్లకి దాని విలువ తెలుస్తుంది.

అయినా నేను వాడేది రెండంచులే. నా 38 పౌండ్లకి మూడో బ్లేడ్ లాగే భారం ఎక్కువ. రెండో వైపు బయటికి రాకపోతే 1.69 ఉండి ఏం లాభం. చెట్టు మీది స్టాండ్ నుంచి వేస్తాం కాబట్టి బాణం పైన దూరుతుంది. పైన ఉన్న రంధ్రంలోంచి నెత్తురు లోపలే నిండుతుంది, బయటికి రాదు. కింద వైపు రెండో రంధ్రం పడితేనే జాడ. మీ 45కి మూడు బ్లేడ్లు ఆడొచ్చు, 50 దాటితే నేనైతే అవే తీసుకునేదాన్ని.

బెజవాడ_విలుకాడు

వేట నాకు తెలియదు. విజయవాడలో టార్గెట్ ఆర్చరీ నేర్చుకున్నవాడిని, ఇప్పుడు డల్లాస్‌లో ఉంటున్నాను. ఒక ప్రశ్న. రవి గారూ, మీ విల్లు మీద 45 అని ఉంది, అది 28 అంగుళాలు లాగితే వచ్చే బరువు. మీరు లాగేది ఎంత? అంగుళానికి రెండు, రెండున్నర పౌండ్లు తేడా వస్తుంది. అందరూ 45 పెట్టుకుని లెక్కలు వేసేస్తున్నారు.

రవి_ఆస్టిన్

లగేజీ తూచే హ్యాండ్ స్కేల్ నారికి తగిలించి చూశాను. నేను లాగేది 27 అంగుళాలు. 43 దగ్గర చూపించింది.

బెజవాడ_విలుకాడు

అయితే 43. కిట్టు గారి 507 గ్రెయిన్లు పౌండుకి దాదాపు 11.8 గ్రెయిన్లు అవుతుంది. వేటకి పౌండుకి పది అంటుంటారు కదా, దానికంటే బానే ఉంది.

నాకున్న అనుమానం స్పైన్. ముందు 100 ఇత్తడి, 150 హెడ్ అంటే 250 గ్రెయిన్లు వేలాడుతున్నాయి. 500 స్పైన్ కాడ దానికి ఎక్కువ వంగిపోవచ్చు. ఫీల్డ్ పాయింట్‌తో తిన్నగా పోయిన బాణం బ్రాడ్‌హెడ్ పెట్టగానే పక్కకి పోతుంది, ఎందుకంటే ముందు కూడా రెక్కలు వచ్చాయి. బాణం కొంచెం వంకరగా బయల్దేరినా ఆ రెక్కలు గాలిని పట్టుకుని లాగేస్తాయి. ముందు ఈకలు లేని బాణంతో ట్యూన్ చెయ్యండి. కుడిచేతి వాటమైతే ఈకలు లేనిది మిగతా వాటికి కుడివైపు పడితే కాడ మెత్తన, ఎడమవైపు పడితే బిరుసు. హెడ్ కొనేది ఆ తర్వాత.

శ్రావ్య_ఎన్

ఏమీ అనుకోకండి. సూపర్‌మార్కెట్లో మాంసం దొరుకుతుండగా బాణంతో చంపడం అవసరమా? తుపాకీ అయితే కనీసం ఒక్క దెబ్బకి పోతుంది.

శారద_పీఏ

అడగాల్సిన ప్రశ్నే శ్రావ్య గారూ. పదునైన హెడ్ రెండు ఊపిరితిత్తుల్లోంచీ దూసుకుపోతే జింక కొన్ని సెకన్లలో పడిపోతుంది. సరిగ్గా తగలకపోతే మాత్రం చాలా బాధ పడుతుంది. ఈ థ్రెడ్ అంతా ఆ రెండోది జరగకూడదనే. నేను తినే మాంసం ఎలా వచ్చిందో నాకు తెలియాలనుకుంటాను. మీకు నచ్చకపోతే నేను వాదించను.

అమ్రాబాద్_శీను

నల్లమల నుంచి. మా దగ్గర చెంచు పెంటల్లో ఇప్పటికీ పెద్దవాళ్ల ఇంట్లో వెదురు విల్లు కనిపిస్తుంది. బాణం ములికి మా ఊరి కమ్మరి దగ్గర కొట్టించుకునేవాళ్లు. ఆకులాగా పల్చగా, వెనక సన్నటి తోక, ఆ తోకని కాడలోకి దింపి నారతో చుట్టడం. రెండంచులదే, మూడంచులది నేను ఎక్కడా చూడలేదు. ఇక్కడ రాసిన మోడల్స్ ఫోటోలు చూస్తే ఆ ములికికీ వీటికీ పెద్ద తేడా కనిపించలేదు. ఇండియాకి ఎవరైనా పంపగలరా? అడవి పందులు మా పల్లీ చేను మొత్తం తవ్విపోతున్నాయి.

మోడరేటర్

శీను గారూ, పందుల బాధ అర్థమవుతుంది. కానీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో వేట నిషేధం. మీరున్నది టైగర్ రిజర్వ్ పక్కన. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకి అడవి మీద చాలా హక్కులు ఇచ్చింది కానీ అందులో వేట హక్కుని స్పష్టంగా మినహాయించారు, కాబట్టి చెంచులకి కూడా కుదరదు. పంట నష్టానికి ఫారెస్ట్ వాళ్లకి అర్జీ పెట్టుకోండి. ఇండియాకి బ్రాడ్‌హెడ్లు పంపడం గురించి ఇక్కడ మాట్లాడొద్దు. ఇంగ్లండ్‌లో ఉన్న సభ్యులకి కూడా అదే మాట, అక్కడ విల్లుతో జంతువుల్ని వేటాడటం నేరం.

అమెరికాలో హెచ్1బి మీద ఉన్నవాళ్లు చాలామంది మెసేజ్ పెడుతుంటారు కాబట్టి ఒక ముక్క: ఫెడరల్ చట్టం లెక్కలో విల్లు ఫైర్‌ఆర్మ్ కాదు, తుపాకీ కొనడానికి వీసా వల్ల వచ్చే చిక్కులు దీనికి లేవు. వేట లైసెన్స్ మాత్రం మామూలుగా ఎవరికైనా తప్పనిసరి.

అమ్రాబాద్_శీను

సరే అన్నా, తెలుసు. ఊరికే అడిగిన. ఆ ములికి ఫోటో దొరికితే పెడతా, చూడ్డానికైతే తప్పు లేదు కదా.

మిషిగన్_బాబాయ్

పెట్టు శీనూ, చూడాలని ఉంది.

ఇక రవీ, నువ్వు అడగనిది చెప్తా. నువ్వు ఏ కంపెనీది కొన్నా డబ్బాలోంచి తీసి నేరుగా అంబులపొదిలో పెట్టకు. చాలా హెడ్లు వేటకి చాలినంత పదునుతో రావు. మొద్దు కత్తితో పండు టమాటా కోసినప్పుడు తొక్క తెగకుండా నలిగి జారుతుంది చూశావా, లోపల రక్తనాళాలూ అలాగే పక్కకి జారిపోతాయి. మొద్దు హెడ్‌తో బాణం దిగినా కోత ఉండదు.

మిల్ బాస్టర్డ్ ఆకురాయి ఒకటి, సన్న సాన ఒకటి, తోలు పట్టీ ఒకటి, నల్ల మార్కర్ ఒకటి. అంచు వాలు మొత్తం మార్కర్‌తో నలుపు చెయ్యి. ఆకురాయి మీద ఒక్కసారి తోసి చూడు. నలుపు ఎక్కడ పోయిందో అక్కడే నువ్వు రుద్దుతున్నావు. అంచు దగ్గర నలుపు మిగిలి వెనక మాత్రమే పోతే నీ కోణం మరీ పడుకుంది, కొంచెం లేపు. నలుపు మొత్తం పోయేదాకా అదే కోణం. తర్వాత వేలిగోరుతో అవతలి వైపు నెమ్మదిగా తడిమితే సన్నటి గరుకు తగులుతుంది. మొన నుంచి మడమ దాకా తెగకుండా ఆ గరుకు తగిలితే ఆ వైపు పని అయినట్టు. రెండో వైపు కూడా అలాగే. ఆ తర్వాత సాన మీద ఒత్తిడి తగ్గిస్తూ తగ్గిస్తూ, చివరికి తోలు మీద వెనక్కి లాగుతూ ఆ గరుకు పోగొట్టాలి. అది అలాగే వదిలేస్తే చేతికి పదునుగా అనిపిస్తుంది, ఎముక తగలగానే మడత పడిపోతుంది.

పరీక్షకి చేతి మీద వెంట్రుకలు గీస్తుంటారు. నేను రబ్బరు బ్యాండ్ చూస్తాను. వదులుగా సాగదీసి పట్టుకుని అంచు ఆనిస్తే చాలు, తెగాలి. నొక్కితే తెగితే అది లెక్కలోకి రాదు.

మూడు బ్లేడ్ల వాళ్లకి ఇక్కడ సుఖం ఉంది, ఒప్పుకోవాలి. వెల్డింగ్ చేసిన మూడంచుల హెడ్‌ని ఆకురాయి మీద అలా పరిచి తోస్తే రెండంచులు ఒకేసారి పదునవుతాయి, కోణం గురించి ఆలోచించక్కర్లేదు. 60 డిగ్రీల కోణం కాబట్టి రెండంచుల దానంత నున్నటి పదును రాదు కానీ చేతకానివాడు కూడా చేయగలడు.

డెన్వర్_కిట్టు

సింగిల్ బెవెల్‌కి కూడా ఇదే పద్ధతి, ఒక్క వైపే వాలు, సాధారణంగా 25 డిగ్రీలు. వెనక వైపు చదునుగా సాన మీద పరిచి గరుకు తీసేస్తే చాలు. రోలర్ ఉన్న చిన్న జిగ్ దొరుకుతుంది, పెట్టి తోస్తే కోణం తప్పదు. కొనేటప్పుడు స్టీల్ గట్టిదనం చూసుకో, రాక్‌వెల్ 52, 53 పైన ఉంటే అంచు నిలుస్తుంది. మరీ మెత్తగా ఉంటే మొన వంగుతుంది. నా ఫ్రెండ్ చవకలో వస్తుందని తీసుకున్న హెడ్ ఒకటి పంది జబ్బకి తగిలి మొన చుట్ట చుట్టుకుని బయటికొచ్చింది. ఏ కంపెనీదో చెప్పను, ఇప్పుడు వాళ్లు మార్చి ఉండొచ్చు.

రవి_ఆస్టిన్

పందుల మాట వచ్చింది కాబట్టి: నా 43 పౌండ్లకి అవి అసలు కుదురుతాయా? ప్రైవేట్ ల్యాండ్‌లో పందులకి లైసెన్స్ కూడా అక్కర్లేదంటున్నారు.

డెన్వర్_కిట్టు

2019 నుంచి అక్కడ ప్రైవేట్ ల్యాండ్‌లో యజమాని ఒప్పుకుంటే అడవి పందులకి హంటింగ్ లైసెన్స్ అక్కర్లేదు, నిజమే. నీ దగ్గర ఎలాగూ ఉంది కదా.

కుదురుతుంది, ఎంచుకుని వేస్తే. ముదిరిన మగ పందికి భుజాల మీద అంగుళం పైన మందంగా గట్టి కవచంలాంటి పొర ఉంటుంది. 43 పౌండ్లతో దాని జోలికి పోకు. మధ్యరకం ఆడపంది అయితే వేసుకో. గుండె, ఊపిరితిత్తులు జింకలో కంటే కిందికీ ముందుకీ ఉంటాయి. జింకకి గురిపెట్టే చోటే పందికి పెడితే వెనక్కి పడి పొట్టలో దిగుతుంది. అది నీకు తోక వైపు కొంచెం తిప్పి నిలబడే దాకా ఆగి, అవతలి ముందుకాలి వైపు పోయేలా వెయ్యి. అప్పుడు కవచం వెనక నుంచి దూరుతుంది. ఇక్కడైతే సింగిల్ బెవెల్ గురించి బాబాయ్ కూడా నోరెత్తడు.

మిషిగన్_బాబాయ్

ఎత్తను. మా ఊళ్లో పందులు లేవు.

శారద_పీఏ

అంటించడం గురించి ఎవరూ చెప్పలేదు. మర ఉన్నవి కొంటే మీకు గొడవ లేదు, ఇన్సర్ట్‌లోకి తిప్పి బిగించడమే. పాత మోడళ్లు చాలావరకు అంటించేవే. కార్బన్ కాడకి పెట్టాలంటే మధ్యలో అడాప్టర్ కావాలి. అల్యూమినియంది 42 గ్రెయిన్లు, స్టీల్‌వి 75, 100, 125 దొరుకుతాయి. అల్యూమినియంది గట్టి ఎముక దగ్గర వంగుతుంది, స్టీల్ తీసుకోండి. బరువు ముందుకు కావాలన్నా ఇదో దారి: తేలికైన హెడ్, బరువైన అడాప్టర్.

హాట్ మెల్ట్ జిగురు వాడండి, ఎపాక్సీ వద్దు, మళ్లీ తీయాల్సి వస్తుంది. హెడ్‌ని ప్లయర్స్‌తో పట్టుకుని మంట మీద వేడిచేసి, జిగురు రాసి, తిప్పుతూ దించాలి. అంచులు పదును పెట్టకముందే ఇది చేసుకోండి. వేడి అంచుకి కాకుండా మెడకే తగలాలి, స్టీల్ రంగు మారేంత వేడి వద్దు. వేడి తగ్గకముందే బాణాన్ని రెండు వేళ్ల గోళ్ల మీద ఆనించి తిప్పి మొన చూడండి. మొన ఒక్కచోటే ఉన్నట్టు కనిపించాలి. చిన్న వలయం గీస్తుంటే మళ్లీ వేడి చేసి సర్దాలి. వలయం గీసే హెడ్ ఎంత ఖరీదైనదైనా తిన్నగా పోదు. మరతో బిగించేవాటికి కూడా ఈ పరీక్ష చెయ్యండి. కాడ కొస చదరంగా కోయకపోయినా ఇదే అవుతుంది.

బ్లేడ్లు నిలువుగా ఉండాలా అడ్డంగానా అని తర్వాత అడుగుతారేమో. బాణం తిరుగుతూ పోతుంది కాబట్టి ఎలా ఉన్నా ఒకటే. నేను నిలువుగా పెట్టుకుంటాను, ఎందుకంటే అడ్డంగా ఉంటే కన్ను బ్లేడ్ వైపు పోతుంది.

రవి_ఆస్టిన్

అప్‌డేట్. 150 గ్రెయిన్ల రెండంచుల హెడ్లు తీసుకున్నాను, మర ఉన్నవి, డబుల్ బెవెల్. కిట్టు అన్నకి కోపం రాకూడదు, ముందు డబుల్ మీద పదును పెట్టడం వస్తే తర్వాత సింగిల్ చూస్తాను. ఇత్తడి 100 ఇన్సర్ట్ వేశాను. మూడింట్లో రెండు తిప్పితే మొన కదలకుండా ఉంది. మూడోది గీస్తోంది, కాడ కొస ఇసుక కాగితం మీద సరిచేస్తే తగ్గింది.

18 గజాల దగ్గర ఫీల్డ్ పాయింట్లు ఒక చోట పడుతున్నాయి. బ్రాడ్‌హెడ్లు అన్నీ నాలుగంగుళాలు కుడికి. కుడిచేతి వాటం. ఈకలు లేనిది ఇంకా కుడికి.

బెజవాడ_విలుకాడు

మెత్తన అన్నమాట. ఇత్తడి 100 తీసి 50 వెయ్యండి. హాట్ మెల్ట్‌తో వేసి ఉంటే హెడ్ స్థానంలో ఫీల్డ్ పాయింట్ బిగించి దాన్ని మెల్లగా వేడిచేసి లాగితే వచ్చేస్తుంది. కార్బన్‌కి మంట తగలనివ్వద్దు. మొత్తం 457 అవుతుంది, మీ 43కి పౌండుకి పదిన్నర పైనే. వేట బాణానికి తక్కువేం కాదు కదా?

మిషిగన్_బాబాయ్

తక్కువ కాదు.

డెన్వర్_కిట్టు

ఈసారికి సరే. వచ్చే ఏడాది 400 స్పైన్ కాడలు తీసుకో, ఇత్తడి 100 మళ్లీ వేసుకోవచ్చు.

రవి_ఆస్టిన్

వేశాను. బ్రాడ్‌హెడ్లు, ఫీల్డ్ పాయింట్లు కలిసిపోయాయి, అరచేతిలో పట్టేంత చోట పడుతున్నాయి 18 దగ్గర. 22 దగ్గర చెదురుతున్నాయి, కాబట్టి అడవిలో 18 దాటి వెయ్యను. ప్రాక్టీసుకి ఒక హెడ్ అంచులు ఆకురాయితో మొద్దు చేసి పక్కన పెట్టాను, ఫోమ్‌ని మరీ కోసేయకుండా.

రబ్బరు బ్యాండ్ మాత్రం నొక్కితేనే తెగుతోంది బాబాయ్.

మిషిగన్_బాబాయ్

మార్కర్ మళ్లీ రాసి ఫోటో పెట్టు. అంచు పక్కన సన్నగా నల్లగీత మిగిలి ఉంటుంది, పందెం.

రవి_ఆస్టిన్

ఉంది. మడమ దగ్గర.

మిషిగన్_బాబాయ్

చివర్లో చెయ్యి వాలిపోతోంది నీకు. ఆకురాయిని బల్లకి క్లాంప్ చేసి, హెడ్‌ని బాణానికే బిగించి, బాణం పట్టుకుని తోయి. చేతికి పట్టు దొరుకుతుంది, వేళ్లు కూడా దక్కుతాయి. అయ్యాక పల్చగా వాజలీన్ రాసి పెట్టు, కార్బన్ స్టీల్ అయితే ఒక్క తడి రాత్రికే తుప్పు పడుతుంది. అంబులపొదికి తలలు మూసే టోపీ ఉండాలి, లేకపోతే ఆ బాణాలు వీపు మీద పెట్టుకుని చెట్టెక్కకు. విల్లు, బాణాలు కింద పెట్టి, నువ్వు పైకెక్కి తాడు కట్టుకున్నాక తాడుతో లాక్కో.

శారద_పీఏ

వేసిన తర్వాత సంగతి కూడా ఒక మాట రవి గారూ. బాణం ముందు తీసి చూడండి. గులాబీ రంగు నురగ ఉంటే ఊపిరితిత్తులు, అరగంట ఆగి జాడ పట్టండి. ముదురు ఎరుపైతే లివర్ కావచ్చు, కొన్ని గంటలు. పచ్చగా ఉండి వాసన వస్తే పొట్ట, ఆరేడు గంటలైనా కదలకుండా ఉండాలి, వెంటనే వెంటపడితే అది లేచి ఇంకా దూరం పోతుంది. టెక్సస్‌లో అక్టోబర్ ఎండ కాబట్టి మాంసం గురించి ఆలోచించి ఐస్ చెస్ట్ కార్లో ఉంచుకోండి.

రవి_ఆస్టిన్

రాసుకున్నాను. ఐస్ చెస్ట్ పెద్దది తీసుకుంటే మా ఆవిడ ఇప్పుడే నవ్వుతోంది.

అమ్రాబాద్_శీను

ఫోటో దొరికింది, పెట్టిన. కొలిచి చూసిన: నాలుగు వేళ్ల పొడవు, వేలున్నర వెడల్పు. తుప్పు పట్టింది కానీ అంచు ఇంకా తెలుస్తుంది.

మిషిగన్_బాబాయ్

శీనూ, పొడవు వెడల్పుకి మూడింతలకి కొంచెం తక్కువ. ఆ కమ్మరి ఇంకా ఉన్నాడా?

అమ్రాబాద్_శీను

కొడుకున్నడు. ఇప్పుడు గేట్లు, గ్రిల్స్ వెల్డింగ్ చేస్తడు.